ముప్పై ఆరో కిలోమీటరు

మా పార్కు గేటు ఎక్కడని ఎవరైనా అడిగితే
టికెట్ కౌంటరు చూపించకండి.
అది హెబ్బాళ ఫ్లైఓవరు దిగినచోటే మొదలయ్యేది,
బస్సు వెనక సీట్లో ఒక పిల్లాడు
"అదుగో, చక్రం కనబడింది" అని
మొదటి అబద్ధం ఆడినప్పుడు.

నేను ఆ చక్రం నడిపేవాణ్ణి. మాది మడకశిర.
పేరు ఓబుళేసు.
చొక్కా మీద 'ఓబు' వరకే కుట్టారు,
జేబు సరిపోక.

రాళ్ళ నేల చవగ్గా వస్తోందని కొన్నాడు ఓనరు.
నీడ లేదు. నీళ్ళు లేవు.
జారుడుబండల కొలనులోకి
విజయపుర నుంచి ట్యాంకర్లు వచ్చేవి.
ఇంత దూరం ఎవడొస్తాడయ్యా అని నవ్వారంట అందరూ.
ఇంత దూరమనే వచ్చారు.

చిత్రాన్నం డబ్బా కట్టుకోవాల్సినంత దూరం.
"సిగ్నల్ లేదు సార్" అంటే
ఆఫీసువాళ్ళు నమ్మేంత.
పొద్దుగూకే వేళకి ఇల్లు చేరొచ్చు,
కానీ చేరాలని అనిపించదు, చూడండి, అంత.

దేవనహళ్ళి దాటాక ద్రాక్ష పందిళ్ళ పక్కన దిగి
చకోతర కాయ ఒలిచి, ఉప్పుకారం అద్దుకు తిని
అవే చేతులతో ఎక్కేవాళ్ళు నా చక్రం.
రాత్రి కడ్డీలు తుడుస్తుంటే
గుడ్డకి రోడ్డంతా అంటుకునేది.

ఒక ఏడాది పెనుకొండ నుంచి
ఊదొత్తుల షెడ్డు ఆడవాళ్ళు వచ్చారు, ముప్పైమంది.
అందరూ కళ్ళు మూసుకుని అరిస్తే
ఈరక్క అనే పెద్దామె మాత్రం తెరుచుకునే తిరిగింది.
దిగాక అడిగింది, "మా ఊరు ఏ పక్క నాయనా?"
ఉత్తరం చూపించాను.
"తెలీక ఇటు తిరిగి కూచున్నా. మళ్ళీ తిప్పు."
తిప్పాను.
టికెట్ సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

పైన ఆపాల్సింది పన్నెండు సెకన్లు. అది రూలు.
కానీ అటు నంది కొండ, కింద రాగి చేలు,
దిగబోయే విమానానికి
పైలట్ చూస్తాడని చేతులూపే పిల్లలు.
పన్నెండు ఎట్లా సరిపోతాయి?

తర్వాత నగరం మా దగ్గరికి నడిచొచ్చింది.
ముందు హోర్డింగులు, ఆ వెనక క్రేన్లు.
పందిళ్ళు పీకేసినచోట
ద్రాక్షగుత్తి బొమ్మ వేసిన అపార్టుమెంట్ల గేటు.
దగ్గరైపోయాం, ఇక జనమే జనమని
మేనేజరు మాల్తేశప్ప మైసూర్‌పాక్ పంచాడు.

రాలేదు జనం.
రోజూ బాల్కనీలోంచి కనబడేదానికోసం
ఎవరు చిత్రాన్నం కలుపుతారు?
పళ్ళు తోముకుంటూ చూస్తారు మా వైపు,
ఎండ ఎంతుందో చూసినట్టు.
పోయిన నెల ఫిర్యాదు కూడా రాశారు,
మీ పిల్లల కేకలు ఎక్కువయ్యాయని.
మా పిల్లలంట!

ఓనరు ఇప్పుడు గౌరీబిదనూరు అవతల నేల చూస్తున్నాడు.
అక్కడా రాళ్ళే. నీళ్ళు లేవంట.
"బాగా దూరం కదా సార్" అన్నాను.
ఆయన ముఖం వెలిగింది.

నిన్న సోమవారం, మధ్యాహ్నం మూడు.
గోడ అవతలి పద్నాలుగో అంతస్తు నుంచి
ఒక పిల్ల వచ్చింది, పనమ్మాయి వేలు పట్టుకుని.
ఇరవై నాలుగు తొట్లలో ఒక్కదాంట్లోనే మనుషులు.
చక్రం పైకెళ్ళింది. ఆపాను.
పైనుంచి గొంతు వినబడింది, గాలికి చిరిగి,
"అక్కా, అదుగో మా బాల్కనీ!
నా ఎర్ర తువ్వాలు!
అబ్బా, ఎంత దూరంలో ఉందో మా ఇల్లు!"

ఆ ఇల్లు మా గోడకి అరవై అడుగులు.
లివరు మీద చెయ్యి వేసి
నేను సెకన్లు లెక్కపెట్టడం మానేశాను.